నాలుగేళ్ళే బతికిన కౌంటీ చరిత్ర వెతకాలంటే: వర్జీనియా ఫిన్‌కాసిల్ కౌంటీ దారిలో

1774 నాటి కాగితం మీద "ఫిన్‌కాసిల్ కౌంటీ, వర్జీనియా" అని కనిపిస్తే దయచేసి మ్యాపులో ఫిన్‌కాసిల్ అని కొట్టి కారు తీయకండి. ఆ పేరుతో ఊరుంది, రోనోక్‌కి ఉత్తరాన, అందమైన పాత ఊరు, కోర్టు కూడా ఉంది. కానీ ఆ ఊరు ఫిన్‌కాసిల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఏనాడూ లేదు. అది బాటిటాట్ కౌంటీకి ముఖ్యపట్టణం, అప్పుడూ ఇప్పుడూ. మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయనది కెంటకీ. వాళ్ళ నాయనమ్మ పెట్టెలో దొరికిన సర్వే కాగితం నకలు ఒకటి తెచ్చి చూపించాడు, హోల్‌స్టన్ నదిలో కలిసే ఒక వాగు పక్కన 200 ఎకరాలు అని ఉంది, ఇద్దరం ఉత్సాహంగా ఒక శుక్రవారం సెలవు పెట్టి ఆ ఊరికే వెళ్ళాం. కౌంటర్ దగ్గర ఉన్నావిడ కాగితం చూసి ఎంతో మర్యాదగా, మీరు వెతుకుతున్న పుస్తకాలు ఇక్కడ లేవండీ, క్రిస్టియన్స్‌బర్గ్ వెళ్ళాలి అంది. అప్పటికే మధ్యాహ్నం రెండయింది.

ఆ రోజు మొదలుపెట్టి ఏడాది పాటు తిరిగి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. వర్జీనియాలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, పిల్లల స్కూలు ప్రాజెక్టులకో, పక్కింటివాళ్ళ వంశవృక్షం పనికో ఇలాంటివి తగులుతూనే ఉంటాయి. పద్ధతి ఒకసారి పట్టుబడితే ఏ అల్పాయుష్షు కౌంటీకైనా పనికొస్తుంది.

మొట్టమొదట పుట్టిన తేదీ, పోయిన తేదీ పట్టుకోండి. ఫిన్‌కాసిల్ 1772 డిసెంబర్ 1న మొదలై 1776 డిసెంబర్ 31తో ముగిసింది. మొత్తం 49 నెలలు. ఇక్కడ ఒక జాగ్రత్త: అసెంబ్లీ చట్టం చేసిన తేదీ వేరు, అది అమల్లోకి వచ్చిన తేదీ వేరు. ఇంటర్నెట్‌లో రెండూ కలిపేసి రాస్తుంటారు. మీ కాగితం సరిగ్గా ఆ మధ్య కాలానిదైతే తప్పు కౌంటీలో వెతుకుతూ కూర్చుంటారు. సందేహం తీరాలంటే చట్టం మూలపాఠమే చదవాలి. వర్జీనియా పాత చట్టాలన్నిటినీ విలియం వాలర్ హెనింగ్ 13 సంపుటాలుగా అచ్చువేశాడు, ఇప్పుడవి ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. ఫిన్‌కాసిల్ పుట్టుక ఎనిమిదో సంపుటంలో, ముగింపు తొమ్మిదో సంపుటంలో ఉన్నాయి. భాష కాస్త బరువుగా ఉంటుంది కానీ ఒక్కో చట్టం రెండు మూడు పేజీలే.

ఆ కౌంటీకి ముందున్న కౌంటీ చట్టం కూడా తప్పకుండా చదవండి, ఎందుకంటే అసలు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఫిన్‌కాసిల్‌ని బాటిటాట్ నుంచి విడదీశారు. ఆ బాటిటాట్‌ని ఏర్పాటు చేసిన 1769 చట్టంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. మిసిసిపీ నీళ్ళ మీద ఉన్న జనానికి కోర్టు చాలా దూరమవుతుంది, వాళ్ళ సంఖ్య పెరగగానే ఎలాగూ వేరే కౌంటీ కావాల్సిందే, అది కూడా త్వరలోనే జరగొచ్చు, కాబట్టి ఈ కోర్టు, జైలు కట్టడానికి వాళ్ళ దగ్గర పన్ను తీసుకోకూడదు అని దాని సారాంశం. అంటే ఫిన్‌కాసిల్ రాబోతోందని మూడేళ్ళ ముందే చట్టంలో రాసిపెట్టారు! మిసిసిపీ అనగానే ఆ పెద్ద నది ఒడ్డు అనుకోకండి. మిసిసిపీ వైపు పారే వాగులూ నదులూ అని వాళ్ళ ఉద్దేశం. న్యూ నది, హోల్‌స్టన్, క్లించ్ నదుల నీళ్ళన్నీ చివరికి అటే పోతాయి.

ఇక సరిహద్దు. ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా గందరగోళమే. అప్పటి సరిహద్దులు గీతలు కావు, నీళ్ళూ కొండగట్లూ. రోనోక్ నది నీళ్ళకీ న్యూ నది నీళ్ళకీ మధ్య ఉన్న గట్టుకి ఇవతల బాటిటాట్, అవతల ఫిన్‌కాసిల్. అక్కడి నుంచి పడమటికి చూస్తే ఇప్పటి నైరుతి వర్జీనియా, పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో దక్షిణపు ముక్క, దాదాపు మొత్తం కెంటకీ రాష్ట్రం, అన్నీ ఒకే కౌంటీ. ఒకే కోర్టు. కెంటకీలో గుడిసె వేసుకున్నవాడు అప్పు పత్రం రిజిస్టర్ చేయించుకోవాలంటే కొండలు దాటి వారాల తరబడి ప్రయాణించి రావాలి. ఇంత పెద్ద కౌంటీ నాలుగేళ్ళకే ఎందుకు ముక్కలైందో అని వేరే అడగక్కర్లేదు. షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ వాళ్ళు అమెరికా కౌంటీల సరిహద్దులు ఏ తేదీకి ఎలా ఉన్నాయో చూపించే డిజిటల్ మ్యాపులు తయారుచేశారు, తేదీ ఎంచుకుంటే ఆనాటి గీత కనిపిస్తుంది. మీ కాగితంలోని వాగు పేరు ఇప్పటి మ్యాపులో కనిపెట్టి దాని మీద ఈ గీత వేసి చూడండి. వాగుల పేర్లు పెద్దగా మారవు, కౌంటీల పేర్లే మారతాయి.

తర్వాత ఆ కౌంటీ వంశావళి ఒక కాగితం మీద గీసుకోండి. ఆరెంజ్ కౌంటీ నుంచి ఆగస్టా, ఆగస్టా నుంచి బాటిటాట్, బాటిటాట్ నుంచి ఫిన్‌కాసిల్, ఫిన్‌కాసిల్ నుంచి మూడు: మాంట్‌గోమరీ, వాషింగ్టన్, కెంటకీ. కెంటకీ కౌంటీ కూడా ఎక్కువ రోజులు నిలవలేదు, 1780లో ఫయెట్, జెఫర్సన్, లింకన్ అని మూడుగా విడిపోయింది. 1792 జూన్ 1న అదంతా కలిపి కెంటకీ రాష్ట్రమైంది. మాంట్‌గోమరీ నుంచి 1790లో వైత్ కౌంటీ వచ్చింది. కుటుంబం ఒక్క అడుగు కదలకుండా ఒకే ఇంట్లో ముప్పయ్యేళ్ళు ఉన్నా, కాగితాల్లో మాత్రం నాలుగైదు కౌంటీల్లో కనిపిస్తుంది. కొత్త జిల్లాలు వచ్చాక పాత దస్తావేజుల కోసం తిరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళు వలస పోయారని తొందరపడి రాసేయకండి. నేను చూసిన వంశవృక్షాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే జరిగాయి.

అసలు పుస్తకాలు ఎక్కడున్నాయి? ఫిన్‌కాసిల్ కోర్టు పెట్టింది లెడ్ మైన్స్ అనే చోట, అంటే సీసపు గనుల దగ్గర, న్యూ నది ఒడ్డున. మొదటి కోర్టు 1773 జనవరిలో జరిగింది. కౌంటీని విడదీసినప్పుడు ఆ చోటు మాంట్‌గోమరీ వాటాకి వచ్చింది, దాంతో పుస్తకాలూ వాళ్ళకే పోయాయి. అందుకే అవి ఇవాళ్టికీ క్రిస్టియన్స్‌బర్గ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఉన్నాయి. కానీ కోర్టు నడిచిన ఆ చోటు మాత్రం తర్వాత వైత్ కౌంటీలోకి వెళ్ళింది, ఇప్పుడు దాన్ని ఆస్టిన్‌విల్ అంటారు. పేరు ఒక కౌంటీలో మిగిలింది, స్థలం ఇంకో కౌంటీలో ఉంది, పుస్తకాలు మూడో కౌంటీలో ఉన్నాయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మాకు ఆ శుక్రవారం కలిసొచ్చేది.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళకి రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో మైక్రోఫిల్మ్ ఉంది. భూమి పట్టాలైతే ఆ లైబ్రరీ సైట్లో స్కాన్ చేసిన పేజీలే దొరుకుతాయి. భూమి కెంటకీ వైపుదైతే కెంటకీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కింద ఉన్న ల్యాండ్ ఆఫీసులో చూడాలి, 1774లో ఫిన్‌కాసిల్ సర్వేయర్లు కొలిచిన భూములు చివరికి అక్కడి పట్టాల్లోనే తేలాయి.

పుస్తకం తెరిచాక ఏం చదవాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే చాలామంది టెన్షన్ పడి మూసేస్తారు. సర్వే ఎంట్రీ అంటే ఒక నడక అనుకోండి. ఫలానా వాగు పక్కన తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఉత్తరం నుంచి ఇన్ని డిగ్రీలు తూర్పుకి తిరిగి, ఇన్ని పోల్స్ నడిచి రెండు హికరీ మొక్కల దగ్గరికి, అక్కడి నుంచి ఇటు తిరిగి ఇన్ని పోల్స్, ఇలా తిరిగి తిరిగి మొదటి చెట్టు దగ్గరికే వస్తారు. పోల్ అంటే పదహారున్నర అడుగులు. 320 పోల్స్ ఒక మైలు. పొడవునీ వెడల్పునీ పోల్స్‌లో గుణించి 160తో భాగిస్తే ఎకరాలొస్తాయి. ఉదాహరణకి 200 పోల్స్ పొడవు, 160 పోల్స్ వెడల్పు ఉంటే 32,000, దాన్ని 160తో భాగిస్తే సరిగ్గా 200 ఎకరాలు. నాలుగు పోల్స్ కలిస్తే 66 అడుగులు, అంటే ఒక గంటర్ గొలుసు. అవును, మన పాత సర్వే పటాల్లో గొలుసులు, లింకులు అని ఉండేవే, ఆ 66 అడుగుల గొలుసే. దానికి 100 లింకులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మా తాతగారి పొలం పటంలో చదివిన లెక్క వర్జీనియా కొండల్లో అక్కరకొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు, చాలా సంతోషమేసింది. గ్రాఫ్ కాగితం, కోణమానిని పెట్టుకుని మీరే గీయండి. గీత మొదటి చెట్టు దగ్గర మూసుకోకపోతే కంగారు పడొద్దు, అప్పటి కొలతలు అంతే, పైగా దిక్సూచి చూపే ఉత్తరం ఈ రెండున్నర శతాబ్దాల్లో కదిలింది.

ఆ సర్వేల వెనక ఉన్న మనిషి పేరు గుర్తుపెట్టుకోండి: విలియం ప్రెస్టన్. కౌంటీ సర్వేయర్ ఆయనే, మిలీషియాకి, అంటే స్థానిక జనంతో కూడిన సైన్యానికి, అధిపతి అయిన కౌంటీ లెఫ్టినెంట్ ఆయనే, షెరీఫ్ కూడా ఆయనే. ఇంత కొత్త కౌంటీలో అధికారమంతా కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. 1774 వసంతంలో ఆయన కింద పనిచేసే జాన్ ఫ్లాయిడ్, హ్యాంకాక్ టేలర్, జేమ్స్ డగ్లస్ లాంటివాళ్ళు కెంటకీ వెళ్ళి భూములు కొలిచారు. ఎవరికి? ఫ్రెంచ్‌వాళ్ళతో జరిగిన యుద్ధంలో పనిచేసినవాళ్ళకి 1763లో బ్రిటిష్ రాజు చేసిన ప్రకటన భూమి ఇస్తానంది: మామూలు సిపాయికి 50 ఎకరాలు, సార్జెంటు లాంటివాడికి 200, కెప్టెన్‌కి 3,000, పై స్థాయి అధికారికి 5,000. ఆ హక్కు పత్రాలు చేతులు మారుతూ ఉండేవి, కాబట్టి కాగితం మీద ఉన్న పేరుగల మనిషి ఆ భూమిలో అడుగుపెట్టాడని అనుకోవద్దు. హ్యాంకాక్ టేలర్ ఆ ఏడాదే కాల్పుల్లో గాయపడి చనిపోయాడు. సర్వేయర్లను వెనక్కి రమ్మని హెచ్చరించడానికి ఆ వేసవిలో పంపిన ఇద్దరిలో ఒకడు డేనియల్ బూన్, రెండోవాడు మైకేల్ స్టోనర్.

ప్రెస్టన్ ఉత్తరాల కోసం కౌంటీ ఆఫీసులో వెతకకండి, వాటిలో చాలా విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్నాయి! లైమన్ డ్రేపర్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఇలాంటి కుటుంబాల ఇళ్ళకి తిరిగి కాగితాలు పోగుచేసి అక్కడి చారిత్రక సంఘానికి ఇచ్చాడు. మైక్రోఫిల్మ్ చాలా పెద్ద లైబ్రరీల్లో దొరుకుతుంది. కోర్టు పుస్తకంలో "ఫలానావాడు హాజరు కాలేదు" అని ఒక్క లైన్ ఉంటుంది, ఎందుకు కాలేదో ఆ ఉత్తరాల్లో తెలుస్తుంది. కాబట్టి కౌంటీ రికార్డు ఒక చేత్తో, అధికారుల ఉత్తరాలు ఇంకో చేత్తో పట్టుకుని చదవండి.

తేదీల వరస కూడా పక్కన పెట్టుకోండి, లేకపోతే కాగితాల్లో ఖాళీలు ఎందుకున్నాయో అర్థం కాదు. 1774లో బ్రిటిష్ రాజు తరఫు వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ షానీల మీద, అంటే ఆ పేరుగల స్థానిక అమెరికన్ తెగ మీద, చేసిన యుద్ధం, అక్టోబర్ 10న పాయింట్ ప్లెజెంట్ దగ్గర పోరు. ఫిన్‌కాసిల్ దళంలో ఎక్కువమంది విలియం క్రిస్టియన్ వెంట ఆ పోరు అయిపోయాక చేరుకున్నారు. 1775 జనవరి 20న లెడ్ మైన్స్‌లో కౌంటీ కమిటీ ఒక తీర్మానం రాసి కాంటినెంటల్ కాంగ్రెస్‌లోని (అమెరికా వలసరాజ్యాల ఉమ్మడి సభ) వర్జీనియా ప్రతినిధులకి పంపింది. రాజు మీద మాకు భక్తి ఉంది కానీ మా స్వేచ్ఛను ఏ పార్లమెంటుకీ, ఏ మంత్రికీ అప్పగించం, ప్రాణం పోయినా సరే అని దాని భావం. 1776 జులైలో ఇంకో స్థానిక తెగ చెరోకీలతో పోరు మొదలైంది, ఆ శరదృతువులో క్రిస్టియన్ సైన్యంతో చెరోకీ ఊళ్ళ మీదికి వెళ్ళాడు. అదే ఏడాది కెంటకీలో ఉన్నవాళ్ళు జార్జ్ రోజర్స్ క్లార్క్‌ని, జాన్ గేబ్రియల్ జోన్స్‌ని అప్పటి రాజధాని విలియమ్స్‌బర్గ్ పంపి మమ్మల్ని పట్టించుకోండి, తుపాకీ మందు ఇవ్వండి అని అడిగారు. డిసెంబర్‌లో అసెంబ్లీ ఫిన్‌కాసిల్‌ని మూడు ముక్కలు చేసింది.

పేర్లు గమనించండి, చరిత్ర అందులోనే ఉంది. ఫిన్‌కాసిల్ అన్నది గవర్నర్ డన్‌మోర్ కుటుంబపు బిరుదు, ఆయన పెద్దకొడుకు ఆ పేరుతోనే చలామణి అయ్యేవాడు. 1776 వచ్చేసరికి బ్రిటన్ మీద స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది, డన్‌మోర్ శత్రువు. కొత్త కౌంటీల్లో ఒకదానికి జార్జ్ వాషింగ్టన్ పేరు పెట్టారు, ఆయన అధ్యక్షుడు కావడానికి పన్నెండేళ్ళ ముందు. ఇంకోదానికి క్యూబెక్ దగ్గర చనిపోయిన జనరల్ రిచర్డ్ మాంట్‌గోమరీ పేరు. ఆయన పోయింది 1775 డిసెంబర్ 31న, ఫిన్‌కాసిల్ ముగిసింది సరిగ్గా ఏడాది తర్వాత అదే రోజున.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమైన విషయం. ఈ పుస్తకాల్లో అందరూ లేరు. ఆ వేటభూములు షానీలవి, చెరోకీలవి. సర్వే పుస్తకంలో వాళ్ళ పేర్లు ఉండవు, చెట్టు పేరుంటుంది కానీ ఆ చెట్టు కింద నిన్నటిదాకా వేటాడినవాళ్ళ మాట ఉండదు. 1768లో ఫోర్ట్ స్టాన్‌విక్స్ ఒప్పందంలో ఒహాయో నదికి దక్షిణాన ఉన్న భూమిని ఇచ్చేసింది ఇరాక్వా అనే ఇంకో స్థానిక తెగల కూటమి నాయకులు, అక్కడ వేటాడే షానీలు ఒప్పుకోలేదు. చెరోకీలతో 1768లో హార్డ్ లేబర్, 1770లో లోకాబర్ ఒప్పందాలు జరిగాయి. 1775 మార్చిలో సికమోర్ షోల్స్ దగ్గర రిచర్డ్ హెండర్సన్ కంపెనీ కెంటకీలో పెద్ద భాగాన్ని చెరోకీల నుంచి కొన్నానంది, డ్రాగింగ్ కనూ అనే చెరోకీ నాయకుడు దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఈ ఒప్పందాల గీతలు కూడా మీ మ్యాపు మీద వేయండి. మీ 200 ఎకరాలు ఏ గీతకి ఏ వైపున్నాయో చూస్తే 1774, 1776 యుద్ధాలు ఎందుకొచ్చాయో మీకే కనిపిస్తుంది.

అలాగే పన్ను జాబితాలు. వర్జీనియాలో తలపన్ను లెక్కలో పదహారేళ్ళు దాటిన తెల్ల మగవాళ్ళు, పదహారు దాటిన బానిసలు, ఆడా మగా ఇద్దరూ, వస్తారు. ఒక ఇంటి పేరు పక్కన 6 అని ఉంటే ఆరుగురు కొడుకులని రాసేయకండి, అందులో యజమాని కట్టుబానిసలుగా పెట్టుకున్న మనుషులు ఉండొచ్చు. సీసపు గనుల్లో కూడా బానిసలతో పనిచేయించారు. ప్రెస్టన్ ఇల్లు స్మిత్‌ఫీల్డ్ ఇప్పటికీ బ్లాక్స్‌బర్గ్‌లో వర్జీనియా టెక్ పక్కన ఉంది, చూడటానికి వెళ్ళవచ్చు, అక్కడ కూడా బానిసలుగా బతికినవాళ్ళ గురించి అడగండి.

స్థలం చూడాలనుకుంటే 77వ ఇంటర్‌స్టేట్ మీద ఫోర్ట్ చిస్‌వెల్ దాటి దక్షిణానికి వస్తే ఆస్టిన్‌విల్. దగ్గర్లో రాతితో కట్టిన షాట్ టవర్ రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. కరిగించిన సీసాన్ని పైనుంచి వదిలి గుండ్లు తయారుచేసేవారు. అది ఫిన్‌కాసిల్ కాలంది కాదు, 1807 ప్రాంతంలో కట్టింది. దాని ఫోటో పెట్టి "1774 కోర్టు" అని రాసినవి చూశాను, అలా చేయకండి.

వేరే కౌంటీకి ఇదే పద్ధతి వాడేటప్పుడు, అది ఎలా పోయిందో ముందు తేల్చుకోండి. ఫిన్‌కాసిల్‌ని విడగొట్టారు కాబట్టి పుస్తకాలు ఒక వారసుడి దగ్గర ఉన్నాయి. డన్‌మోర్ కౌంటీ 1772లోనే వచ్చింది, 1778లో షెనాన్‌డోవా అని పేరు మారిందంతే, కాబట్టి పుస్తకాలు కదల్లేదు. న్యూయార్క్ వలసరాజ్యం ఏర్పాటు చేసిన కంబర్‌లాండ్, గ్లాస్టర్ కౌంటీలైతే చివరికి వెర్మాంట్ రాష్ట్రంలో కలిసిపోయాయి, వాటికి రెండు రాష్ట్రాల్లోనూ వెతకాలి.

మా ఆఫీసాయన కాగితం సంగతి: రెండోసారి క్రిస్టియన్స్‌బర్గ్ వెళ్ళాం, ముందే ఫోన్ చేసి వేళలు కనుక్కుని, పెన్సిల్, చిన్న అక్షరాల కోసం భూతద్దం పట్టుకుని. సూచికలో ఆయన ఇంటిపేరు లేదు. ఇంటిపేరులో ఒక అక్షరం మార్చి వెతికితే ఉంది, అప్పటి గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాళ్ళు. వాగు పేరు సరిపోయింది, తెల్ల ఓక్ చెట్టు సరిపోయింది, చివరి గీత మాత్రం నకల్లో 60 పోల్స్ అని ఉంటే పుస్తకంలో 66 అని ఉంది. ఆయన చాలాసేపు ఆ అంకె మీద వేలు పెట్టకుండా గాల్లోనే ఆనించినట్టు ఉంచి చూస్తూ నిలబడ్డాడు. నేను గ్రాఫ్ కాగితం మీద ఆ ఆరు పోల్స్ కలిపి గీశాను, గీత వచ్చి మొదటి చెట్టుకి తగిలింది.